ప్రెస్ సర్వర్‌లో ఫైల్ పర్మిషన్లు వాటంతటవే సర్దుకునేలా చేయడం ఎలా

విజయవాడ గవర్నర్‌పేటలోనో గాంధీనగర్‌లోనో ఒక మోస్తరు ప్రింటింగ్ ప్రెస్ అనుకోండి. నలుగురు డిజైనర్లు, ప్లేట్ గదిలో ఇద్దరు, బిల్లింగ్‌లో ఒకరు. మూలన ఒక లైనక్స్ సర్వర్, అందులో అందరూ వాడే షేర్డ్ ఫోల్డర్. మాఘమాసం ముహూర్తాల సీజన్‌లో రాత్రి పదింటికి ప్లేట్ గది నుంచి ఫోన్ వస్తుంది: "అన్నా, శుభలేఖ ఫైలు తెరుచుకోవట్లేదు, పర్మిషన్ లేదంటోంది." డిజైనర్ అప్పటికే ఇంటికెళ్లిపోయి ఉంటాడు. ఎవరో ఒకరు సర్వర్ ముందు కూర్చుని మొత్తం ఫోల్డర్‌కి 777 (అందరికీ అన్ని హక్కులూ) కొట్టేస్తారు. ఆ రాత్రికి పని గడుస్తుంది. తెల్లారేసరికి బిల్లుల ఫోల్డర్ కూడా అందరికీ తెరుచుకుని ఉంటుంది.

ఫోల్డర్‌ను నిఘాలో పెట్టి, తప్పు పర్మిషన్‌తో ఫైలు పడగానే సరిచేసే ఏర్పాటు ఒక పూటలో చేసుకోవచ్చు. అయితే చాలామంది నేరుగా నిఘా స్క్రిప్టు రాయడానికి కూర్చుంటారు. అది తలకిందుల పద్ధతి. ఫైలు పుట్టేటప్పుడే సరైన పర్మిషన్‌తో పుట్టేలా ముందు ఫోల్డర్‌ను సిద్ధం చేయాలి. అలా చేసినా లొంగని ఫైళ్లు కొన్ని ఉంటాయి, నిఘా వాటికోసమే. మొదటి పని చేయకుండా రెండోది పెడితే స్క్రిప్టు రోజంతా ప్రతి ఫైలునూ దిద్దుతూనే ఉంటుంది, అది దిద్దేలోపు ఎవరో ఒకరికి ఎర్రర్ వస్తూనే ఉంటుంది.

ఇక్కడి కమాండ్లన్నీ ఉబుంటు, డెబియన్ సర్వర్లకు సరిపోతాయి. వాటిని పలికే తీరులో రాశాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ మాట చెప్తాం.

ముందు కాగితం మీద రాసుకోండి

ఏ ఫోల్డర్‌లో ఎవరు ఏం చేయాలో తేల్చుకోకుండా కీబోర్డు ముట్టుకోవద్దు. మన ప్రెస్‌కి /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్ కింద మూడు ఫోల్డర్లు చాలు.

జాబ్స్: డిజైనర్లందరూ ఒకరి ఫైలు ఒకరు తెరిచి మార్చగలగాలి. మిగతావాళ్లకు అసలు కనపడకూడదు. గ్రూపు డిజైన్, ఫోల్డర్లకు 2770, ఫైళ్లకు 660.

బిల్స్: ఇవే అంకెలు, గ్రూపు మాత్రం బిల్లింగ్.

ప్లేట్: డిజైనర్ ఇక్కడ ఫైనల్ పీడీఎఫ్ పెడతాడు, ప్లేట్ గదివాళ్లు చదువుతారు. ఒకసారి పెట్టాక ఎవరూ మార్చకూడదు. గ్రూపు డిజైన్, ఫోల్డర్‌కు 3770, ఫైళ్లకు చివరికి 440.

అంకెల లెక్క తెలిసిందే. చివరి మూడు అంకెలు వరుసగా ఓనరు, గ్రూపు, మిగతావాళ్లవి: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, ఫోల్డర్ విషయంలో ఆ 1 అంటే లోపలికి అడుగుపెట్టే హక్కు. ముందున్న 2 సెట్‌జీఐడీ. అది ఉన్న ఫోల్డర్‌లో పుట్టిన ఫైలు, దాన్ని పుట్టించిన మనిషి సొంత గ్రూపుకి కాకుండా ఫోల్డర్ గ్రూపుకి చెందుతుంది. ముందున్న 1 స్టికీ బిట్; ఎవరి ఫైలు వాళ్లే, లేదా ఫోల్డర్ ఓనరు, లేదా రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్) మాత్రమే తీసేయగలరు. 3 అంటే రెండూ కలిపి.

ప్లేట్ ఫోల్డర్‌కి స్టికీ ఎందుకంటే, ఫైలుకి 440 పెట్టినంత మాత్రాన అది భద్రం కాదు. ఫోల్డర్‌లో రాసే హక్కు ఉన్నవాడు ఆ ఫైలును తీసేసి అదే పేరుతో ఇంకోటి పెట్టేయగలడు. తీసేయడం అనేది ఫైలు మీద హక్కు కాదు, ఫోల్డర్ మీద హక్కు. ఈ ఒక్క సంగతి తెలియకే చాలా ప్రెస్సుల్లో ఓకే అయిన ఫైలు ఒకటి, ప్లేటు ఎక్కిన ఫైలు మరొకటి అవుతుంటాయి.

గ్రూపులు, పునాది

"గ్రూప్‌యాడ్ డిజైన్" అని కొట్టి, అలాగే ప్లేట్, బిల్లింగ్ గ్రూపులు చేయండి. మనుషులను చేర్చడానికి "యూజర్‌మాడ్ -ఏ -పెద్దజీ డిజైన్", ఆ తర్వాత యూజర్ పేరు. ఇందులో ఆ చిన్న ఏ మర్చిపోతే ఆ యూజర్ అంతకుముందున్న అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి, సుడో గ్రూపు సహా. చేర్చాక ఆ మనిషి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. విండోస్ నుంచి వచ్చేవాళ్లు షేర్‌ను తెంపి మళ్లీ కలపాలి. "చేర్చినా పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీంతోనే తీరిపోతాయి.

దీంతోపాటే ప్రెస్‌లాక్ అనే పేరుతో లాగిన్ లేని యూజర్‌ను ఒకటి చేసి పెట్టండి. ప్లేట్ ఫోల్డర్‌కి ఓనరు అతనే. సంగతి తర్వాత వస్తుంది.

ఇప్పుడు పాత ఫైళ్లన్నిటినీ ఒకసారి దారిలో పెట్టాలి. మొదట గ్రూపు మార్చండి: "సీహెచ్‌జీఆర్‌పీ -పెద్దఆర్ డిజైన్ /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్/జాబ్స్". తర్వాత ఫోల్డర్లకు వేరుగా, ఫైళ్లకు వేరుగా:

ఫైండ్ /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్/జాబ్స్ -టైప్ డీ -ఎగ్జెక్ సీహెచ్‌మాడ్ 2770 {} +

ఫైండ్ /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్/జాబ్స్ -టైప్ ఎఫ్ -ఎగ్జెక్ సీహెచ్‌మాడ్ 660 {} +

ఒకే దెబ్బకి "సీహెచ్‌మాడ్ -పెద్దఆర్ 770" కొట్టారంటే ప్రతి కోరల్ ఫైలూ, ప్రతి ఫొటో నడిపే ప్రోగ్రామ్‌గా మారిపోతుంది. 660 కొట్టారంటే ఫోల్డర్లలోకి ఎవరూ అడుగుపెట్టలేరు. అందుకే రెండు వేరు కమాండ్లు.

చిన్న తిరకాసు ఒకటి చెప్పాలి. ఫోల్డర్ మీద ముందు అంకె లేకుండా 770 కొడితే లైనక్స్‌లోని సీహెచ్‌మాడ్ పాత సెట్‌జీఐడీని తీయదు, అలాగే ఉంచుతుంది. నిజంగా తీయాలంటే 00770 అని ఐదంకెలు కొట్టాలి. "తీసేశాను కదా, ఇంకా ఎందుకుంది" అని తల పట్టుకునేవాళ్లకు జవాబు ఇదే.

ఫైలు పుట్టుకలోనే సరిగ్గా ఉండేలా

ఉబుంటులో యూమాస్క్ (కొత్త ఫైలుకి ఏ హక్కులు తీసేయాలో చెప్పే అంకె) సాధారణంగా 002 గానో 022 గానో ఉంటుంది. 022 అయితే కొత్త ఫైలుకి గ్రూపు రాసే హక్కు పోతుంది. ప్రతి యూజర్ యూమాస్క్ మార్చుకుంటూ తిరగడం కన్నా ఫోల్డర్‌కే డీఫాల్ట్ ఏసీఎల్ (అందులో పుట్టే ఫైళ్లకు వచ్చే హక్కుల జాబితా) పెట్టడం మేలు. డీఫాల్ట్ ఏసీఎల్ ఉన్న ఫోల్డర్‌లో యూమాస్క్‌ను కెర్నల్ (లైనక్స్ మూలభాగం) పట్టించుకోదు. ఏసీఎల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుని:

సెట్‌ఎఫ్‌ఏసీఎల్ -పెద్దఆర్ -డీ -ఎం యూ::ఆర్‌డబ్ల్యూఎక్స్,జీ::ఆర్‌డబ్ల్యూఎక్స్,ఓ::- /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్/జాబ్స్

ఇందులో నడిపే హక్కు కనిపించినా ఫైళ్లు 660 తోనే పుడతాయి. ప్రోగ్రామ్ 666 అడుగుతుంది, డీఫాల్ట్ ఏసీఎల్ 770 ఒప్పుకుంటుంది, రెండింటిలోనూ ఉన్నదే దక్కుతుంది. ఎక్స్‌ట్4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లు రెండింటిలోనూ అదనపు సెట్టింగ్ లేకుండానే ఇది పనిచేస్తుంది.

ప్లేట్ ఫోల్డర్‌కి రెండో గ్రూపు కూడా కావాలి కాబట్టి "జీ:ప్లేట్:ఆర్‌ఎక్స్" అనే ముక్కను ఒకసారి మామూలుగా, ఒకసారి -డీ తో కలపండి. మామూలు ఫోల్డర్లలో మాత్రం ఇలా పేరుపెట్టి గ్రూపులు చేర్చకండి. ఒక ఫోల్డర్‌కి ఒక గ్రూపు అన్న పద్ధతి ఉన్నంతకాలం తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. ఏసీఎల్‌లు పెరిగేకొద్దీ ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పడం కష్టమవుతుంది.

డిజైనర్ల కంప్యూటర్లు ఎలాగూ విండోస్‌వే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అక్కడే ఉంటాయి. కాబట్టి లైనక్స్ ఫోల్డర్లను విండోస్‌కి షేర్‌గా ఇచ్చే సాంబా కూడా సర్దాలి. మూడు ఫోల్డర్లనూ మూడు వేర్వేరు షేర్లుగా ఇవ్వండి. జాబ్స్ షేర్‌లో "వ్యాలిడ్ యూజర్స్" దగ్గర @డిజైన్, "క్రియేట్ మాస్క్", "ఫోర్స్ క్రియేట్ మోడ్" రెంటికీ 0660, "డైరెక్టరీ మాస్క్", "ఫోర్స్ డైరెక్టరీ మోడ్" రెంటికీ 2770. "ఇన్హెరిట్ పర్మిషన్స్" ఎస్ అని పెడితే ఈ నాలుగింటినీ అది పక్కకు నెట్టేస్తుంది. ఏదో ఒక పద్ధతే ఎంచుకోండి. "ఫోర్స్ గ్రూప్" వాడాలనిపిస్తే గ్రూపు పేరుకి ముందు ప్లస్ గుర్తు తప్పనిసరి. ప్లస్ లేకపోతే షేర్‌కి వచ్చిన ప్రతివాడికీ ఆ గ్రూపు హక్కులు వచ్చేస్తాయి. ప్లస్ ఉంటే ఇప్పటికే సభ్యులైనవాళ్లకే. సెట్‌జీఐడీ పెట్టాం కాబట్టి నిజానికి దాని అవసరమే లేదు. మార్చాక "టెస్ట్‌పార్మ్" కొట్టి తప్పుల్లేవని చూసుకుని సాంబాను రీలోడ్ చేయండి.

ఇప్పుడు ఏది లొంగలేదో చూడండి

నిఘా పెట్టకముందే ఐదు పరీక్షలు చేయాలి. ఒక్కోదాని తర్వాత "స్టాట్" కమాండ్‌తో అంకెలూ గ్రూపూ చూడండి.

టెర్మినల్‌లో జాబ్స్‌లో కొత్త ఫైలు పుట్టించండి: 660 వస్తుంది, గ్రూపు డిజైన్. బాగుంది.

హోమ్ ఫోల్డర్‌లో 600 ఉన్న ఫైలును "సీపీ"తో తెచ్చి పెట్టండి: గ్రూపు సరిగ్గానే ఉంటుంది, అంకె మాత్రం 600. అసలు ఫైలు హక్కులనే సీపీ అడుగుతుంది, అడగని హక్కును డీఫాల్ట్ ఏసీఎల్ ఇవ్వదు.

అదే ఫైలును "ఎంవీ"తో జరపండి. హోమ్, షేర్ రెండూ ఒకే పార్టిషన్‌లో ఉంటే ఫైలు కొత్తగా పుట్టదు, పేరు మాత్రమే మారుతుంది. కాబట్టి పాత పర్మిషనూ పాత గ్రూపూ అలాగే వచ్చేస్తాయి. సెట్‌జీఐడీ, డీఫాల్ట్ ఏసీఎల్ రెండూ దీన్ని తాకవు.

కస్టమర్ పంపిన జిప్‌ను షేర్‌లో విప్పండి, లేదా "ఆర్‌సింక్ -ఏ"తో పాత డిస్కు నుంచి తెండి. పాత పర్మిషన్లు వెంట వస్తాయి. ఆర్‌సింక్‌కి మందు దాని దగ్గరే ఉంది: "--సీహెచ్‌మాడ్=పెద్దడీ2770,పెద్దఎఫ్660".

చివరిది, విండోస్ నుంచి ఒక ఫైలు తెరిచి, మార్చి, రెండుసార్లు సేవ్ చేయండి. కొన్ని ప్రోగ్రాములు అసలు ఫైలు మీద రాయవు. పక్కనే తాత్కాలిక ఫైలు పుట్టించి, అందులో రాసి, చివర్లో పాత పేరు పెడతాయి. సర్వర్‌లోనే నడిచే ప్రోగ్రాములు అలాంటి తాత్కాలిక ఫైలును 600 తో పుట్టించడం మామూలే. పొద్దున బాగా తెరుచుకున్న ఫైలు సాయంత్రానికి తెరుచుకోకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ప్లేట్ ఫోల్డర్‌లో ఇదే తప్పు ఇంకో వేషంలో కనిపిస్తుంది. "గెట్‌ఎఫ్‌ఏసీఎల్" కొడితే ప్లేట్ గ్రూపుకి చదివే హక్కు ఉన్నట్టే చూపిస్తుంది, పక్కనే ఎఫెక్టివ్ అని రాసి మూడు గీతలు ఉంటాయి. ఆ మూడు గీతలే అసలు సంగతి. 600 తో పుట్టిన ఫైలులో ఏసీఎల్ మాస్క్ (గ్రూపులకు గరిష్ఠంగా ఎంత హక్కు దక్కుతుందో చెప్పే హద్దు) సున్నా అయింది. పేరుపెట్టి ఇచ్చిన హక్కులన్నీ మాస్క్ దాటి రాలేవు. ఏసీఎల్ ఉన్న ఫైలు మీద సీహెచ్‌మాడ్ కొడితే మధ్య అంకె మార్చేది గ్రూపు హక్కును కాదు, ఈ మాస్క్‌నే. కాబట్టి ఏసీఎల్‌ను తిరగరాయనక్కర్లేదు, సీహెచ్‌మాడ్‌తోనే పని అవుతుంది.

నిఘా స్క్రిప్టు

2005 లో 2.6.13 కెర్నల్‌తో వచ్చిన ఐనోటిఫై సదుపాయమే దీనికి ఆధారం. ఫోల్డర్‌లో ఏదైనా కదిలితే కెర్నల్ చెప్తుంది, ఆ కబురే ఈవెంట్. "ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐనోటిఫై-టూల్స్" చేస్తే ఐనోటిఫైవెయిట్ అనే కమాండ్ వస్తుంది.

ఎక్కువమంది రాసే స్క్రిప్టు ఇలా ఉంటుంది: ఈవెంట్ వచ్చింది, అందులో ఫైలు పేరు తీసుకున్నాం, ఆ పేరు మీద సీహెచ్‌మాడ్ కొట్టాం. చూడ్డానికి చక్కగా ఉంటుంది, నడిచేటప్పుడు మూడు చోట్ల చెడుతుంది. ఫైలు పేరులో స్పేసులు, బ్రాకెట్లు, తెలుగు అక్షరాలు ఉంటాయి; "లక్ష్మీ వెడ్డింగ్ ఫైనల్ (2) కొత్తది" లాంటి పేరు ఒక్కటి చాలు స్క్రిప్టు తడబడటానికి. రెండోది, కొత్త ఫోల్డర్ పుట్టాక దాని మీద నిఘా పడేలోపే అందులో ఫైళ్లు పడిపోతే వాటి ఈవెంట్లు రావు. ఐనోటిఫై ఒక్కో ఫోల్డర్‌నే చూస్తుంది, లోపలి ఫోల్డర్లకు విడిగా నిఘా పెట్టుకోవాలి, ఆ సందులో జారిపోతాయి. మూడోది, పెద్ద జిప్ విప్పినప్పుడు ఈవెంట్ల క్యూ నిండి కొన్ని రాలిపోతాయి; క్యూ పరిమితి మామూలుగా 16384.

అందుకని ఈవెంట్‌ను కాలింగ్ బెల్‌లా మాత్రమే వాడండి. ఎవరొచ్చారో బెల్ చెప్పనక్కర్లేదు. బెల్ మోగితే రెండు సెకన్లు ఆగి, ఫైండ్‌తో మొత్తం ఫోల్డర్ చూసి, తప్పుగా ఉన్నవాటిని మాత్రం దిద్దాలి. లక్ష ఫైళ్లున్నా ఎస్‌ఎస్‌డీ మీద ఇది కొద్ది సెకన్ల పనే, రెండోసారికి మెమరీలోనే ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా అవుతుంది. పేర్ల గొడవ, జారిపోయే ఫైళ్ల గొడవ, క్యూ గొడవ మూడూ ఒకేసారి తీరతాయి.

దిద్దే భాగం, జాబ్స్‌కి:

ఫైండ్ /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్/జాబ్స్ -ఎక్స్‌డెవ్ ! -గ్రూప్ డిజైన్ -ప్రింట్ -ఎగ్జెక్‌డిర్ సీహెచ్‌జీఆర్‌పీ -హెచ్ డిజైన్ {} +

ఫైండ్ /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్/జాబ్స్ -ఎక్స్‌డెవ్ -టైప్ డీ ! -పెర్మ్ 2770 -ప్రింట్ -ఎగ్జెక్‌డిర్ సీహెచ్‌మాడ్ 2770 {} +

ఫైండ్ /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్/జాబ్స్ -ఎక్స్‌డెవ్ -టైప్ ఎఫ్ ! -పెర్మ్ 660 -ప్రింట్ -ఎగ్జెక్‌డిర్ సీహెచ్‌మాడ్ 660 {} +

బిల్స్‌కి గ్రూపు మార్చి ఇవే మూడు లైన్లు. ఆశ్చర్యార్థకం ఉన్న ముక్కను వదిలేయకండి. తప్పుగా ఉంటేనే దిద్దు అని చెప్పేది అదే. అది లేకపోతే ప్రతి సీహెచ్‌మాడ్ ఒక కొత్త ఈవెంట్ పుట్టిస్తుంది, ఆ ఈవెంట్ మళ్లీ సీహెచ్‌మాడ్‌ను పిలుస్తుంది, ఇక ఆగదు. పర్మిషన్ మారకపోయినా సరే, సీహెచ్‌మాడ్ కొడితే ఈవెంట్ వస్తుంది.

గ్రూపు మార్చే లైను ముందు ఉండాలి. మార్చేటప్పుడు కొన్ని ఫైళ్ల ప్రత్యేక బిట్లు పోతాయి కాబట్టి అంకెలు దిద్దే లైన్లు తర్వాతే.

వినే భాగంలో ఐనోటిఫైవెయిట్‌కి ఇవ్వాల్సినవి: -ఎం, ఆగకుండా వినమని; -ఆర్, లోపలి ఫోల్డర్లు కూడా అని; -క్యూ, సొద తగ్గించమని; -ఈ తో నాలుగు ఈవెంట్లు: క్లోజ్_రైట్, మూవ్డ్_టు, క్రియేట్, యాట్రిబ్. ఎంవీతో వచ్చేవి మూవ్డ్_టులోనే దొరుకుతాయి, దాన్ని మర్చిపోతే సగం నిఘా లేనట్టే. యాట్రిబ్ ఎందుకంటే, కొన్ని ప్రోగ్రాములు ఫైలు మూసేశాక తీరిగ్గా పర్మిషన్ మారుస్తాయి.

దాని అవుట్‌పుట్‌ను పైపుతో బ్యాష్ లూపుకి ఇవ్వండి. లూపు చేసేది ఇది: ఒక లైను చదవగానే, "రీడ్ -టీ 2"తో ఇంకా ఏమైనా వస్తున్నాయేమో చదివి పారేస్తూ ఉండాలి, రెండు సెకన్లపాటు ఏమీ రాకపోతే దిద్దే భాగాన్ని పిలవాలి. దీనికి పది సెకన్ల గరిష్ఠ గడువు కూడా పెట్టండి. నలుగురూ పనిచేసే వేళలో రెండు సెకన్ల నిశ్శబ్దం దొరకదు. గడువు లేకపోతే స్క్రిప్టు సాయంత్రం దాకా ఎదురు చూస్తూనే ఉంటుంది.

సర్వీసుగా నడపడం

స్క్రిప్టును /యూఎస్‌ఆర్/లోకల్/ఎస్‌బిన్‌లో పెట్టి, లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి సర్వీసు ఫైలు రాయండి. సిస్టమ్‌డీ సెట్టింగ్ పేర్లలో మాత్రం ప్రతి మాటకీ మొదటి అక్షరం పెద్దది. అందులో నాలుగు సంగతులు ముఖ్యం.

"రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్" దగ్గర /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్ ఇవ్వాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు డేటా డిస్కు మౌంట్ కాకముందే సర్వీసు లేస్తే, మౌంట్ కింద ఉన్న ఖాళీ ఫోల్డర్ మీద నిఘా పడుతుంది. సర్వీసు నడుస్తున్నట్టే ఆకుపచ్చగా కనిపిస్తుంది, ఒక్క ఫైలూ దిద్దదు.

"రీస్టార్ట్" దగ్గర ఆల్వేస్ పెట్టాలి, ఆన్-ఫెయిల్యూర్ కాదు. ఐనోటిఫైవెయిట్ చచ్చిపోతే పైపు అవతలున్న లూపు ప్రశాంతంగా ముగుస్తుంది, స్క్రిప్టు సున్నా కోడ్‌తో బయటికి వస్తుంది. సిస్టమ్‌డీ దాన్ని ఫెయిల్యూర్ అనుకోదు.

మూడోది భద్రత. ఇతరుల ఫైళ్ల పర్మిషన్ మార్చాలంటే రూట్ హక్కు కావాలి, కానీ రూట్‌గా నడిచే స్క్రిప్టును అందరూ రాయగలిగే ఫోల్డర్‌లో తిప్పడం ప్రమాదం. ఎవరైనా పాస్‌వర్డులుండే /ఈటీసీ/షాడోకి సింబాలిక్ లింకు (షార్ట్‌కట్ లాంటిది) పెట్టి, స్క్రిప్టు చేత దాన్ని 660 చేయించాలని చూడొచ్చు. -టైప్ ఎఫ్, -ఎగ్జెక్‌డిర్, -హెచ్ పెట్టింది ఇందుకే. దానిపైన "ప్రొటెక్ట్‌సిస్టమ్" దగ్గర స్ట్రిక్ట్ అని, "రీడ్‌రైట్‌పాత్స్" దగ్గర /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్ అని పెట్టండి. సర్వీసుకి మిగతా డిస్కంతా రీడ్-ఓన్లీ అయిపోతుంది, మాయ చేసినా బయట ఏమీ మార్చలేదు. షేర్‌ను వేరే పార్టిషన్‌లో ఉంచితే హార్డ్ లింకుల (ఒకే ఫైలుకి రెండో పేరు) బెడద కూడా ఉండదు.

నాలుగోది "కేపబిలిటీబౌండింగ్‌సెట్". రూట్ హక్కులన్నీ ఇవ్వకుండా నాలుగు చాలు: ఎఫ్‌ఓనర్, సీహెచ్‌ఓన్, డీఏసీ_రీడ్_సెర్చ్, ఎఫ్‌సెట్‌ఐడీ. వీటిని పెద్ద అక్షరాల్లో, ముందు క్యాప్_ చేర్చి రాయాలి. చివరిది అక్కర్లేదనిపిస్తుంది, అందరూ వదిలేసేదీ అదే. అది లేకపోతే, స్క్రిప్టు తాను సభ్యుడు కాని గ్రూపు ఫోల్డర్ మీద 2770 కొట్టినప్పుడు కెర్నల్ ఆ 2 ను గుట్టుగా తీసేస్తుంది. ఎర్రర్ రాదు. ఫోల్డర్ 0770 గా మిగులుతుంది, ఫైండ్ మళ్లీ తప్పని పట్టుకుంటుంది, మళ్లీ కొడుతుంది, యాట్రిబ్ ఈవెంట్ మళ్లీ వస్తుంది. లాగ్‌లో ఒకే ఫోల్డర్ పేరు రెండు సెకన్లకోసారి కనిపిస్తుంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

టైమరు, ప్లేట్ ఫోల్డర్ తాళం

నిఘా ఒక్కదాన్నే నమ్మకండి. సర్వీసు రీస్టార్ట్ అయ్యే సమయంలో, బూట్ అవుతున్నప్పుడు, వేల ఫోల్డర్లున్న చోట నిఘా పూర్తిగా పడేలోపు వచ్చినవి దాని కంట పడవు. దిద్దే భాగాన్ని వేరే ఫైలుగా తీసి, "ఆన్‌క్యాలెండర్" దగ్గర *:0/15 అని పెట్టి, పావుగంటకోసారి టైమరుతో కూడా నడపండి. బూట్ అయిన మూడు నిమిషాలకు ఒకసారి నడిచేలా "ఆన్‌బూట్‌సెక్" కూడా.

ప్లేట్ ఫోల్డర్‌కి తాళం వేసే పని మాత్రం ఈవెంట్‌తో కాకుండా టైమరుతోనే చేయాలి. నెట్‌వర్క్ మీద 400 ఎంబీ పీడీఎఫ్ కాపీ అవుతుండగా మధ్యలో ఓనరు మారిపోతే కాపీ చివర్లో విండోస్ తేదీ రాయలేక ఎర్రర్ ఇస్తుంది. ఫైలు కుదురుకుని ఐదు నిమిషాలయ్యాకే ముట్టుకోవాలి. ఆ వయసును -ఎంమిన్‌తో కొలవకండి. విండోస్ కాపీ చేసేటప్పుడు పాత తేదీని వెంట తెస్తుంది, ఇప్పుడే పడ్డ ఫైలు మూడు రోజుల నాటిదిలా కనిపిస్తుంది. -సీమిన్ +5 వాడండి. ఆ టైమును కెర్నలే రాస్తుంది.

అలా దొరికిన ప్రతి ఫైలు మీద మూడు పనులు, ఇదే వరుసలో. ఓనరును ప్రెస్‌లాక్‌గా మార్చడం. "సెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఎం జీ:ప్లేట్:ఆర్", ఎంవీతో వచ్చినవాటికి ఆ హక్కు ఉండదు కాబట్టి. చివర్లో సీహెచ్‌మాడ్ 440. సెట్‌ఎఫ్‌ఏసీఎల్ మాస్క్‌ను తనంతట తాను తిరిగి లెక్కేసి పెంచేస్తుంది. సీహెచ్‌మాడ్ ముందు కొట్టి అది తర్వాత కొడితే డిజైన్ గ్రూపుకి రాసే హక్కు తిరిగి వచ్చే వీలుంది. గ్రూపు సరిచేసే లైను వీటన్నిటికన్నా ముందు మామూలే.

ఓనరు మారాక డిజైనర్ ఆ ఫైలును మార్చలేడు, స్టికీ వల్ల తీసేయలేడు. కరెక్షన్ వస్తే వీ2 అని కొత్త పేరుతో పెట్టాలి. ప్లేట్ గదివాళ్లకు ఫైలు ఐదు నుంచి ఇరవై నిమిషాలు ఆలస్యంగా అందవచ్చు. అర్జెంటు పనులు ఎక్కువైతే ఈ టైమరును ఒక్కదాన్నే నిమిషానికోసారి చేయండి. లోపల సబ్‌ఫోల్డర్లు చేసుకుంటే సెట్‌జీఐడీ వాటికి దానంతటదే వస్తుంది, స్టికీ రాదు. కాబట్టి ఫోల్డర్లను 3770 చేసే ఫైండ్ లైను, వాటి ఓనరును ప్రెస్‌లాక్ చేసే లైను ఇందులో కూడా ఉండాలి.

పనిచేయకపోతే

"పరికరంలో చోటు లేదు" అనే అర్థంలో ఎర్రర్ వచ్చి, డిస్కు చూస్తే సగం ఖాళీగా ఉంటే, నిండింది డిస్కు కాదు, నిఘాల పరిమితి. పాత కెర్నల్‌లలో ఒక యూజర్‌కి 8192 ఫోల్డర్లే. 5.11 నుంచి మెమరీని బట్టి పెరుగుతుంది. "ఫైండ్ -టైప్ డీ"తో ఫోల్డర్లు లెక్కపెట్టి, ఎఫ్‌ఎస్.ఐనోటిఫై.మ్యాక్స్_యూజర్_వాచెస్‌ను సిస్‌సీటీఎల్.డీ ఫోల్డర్‌లో 524288 చేయండి. ఒక్కో నిఘాకి సుమారు 1 కేబీ మెమరీ, భయపడక్కర్లేదు.

ఒక్క ఈవెంటూ రాకపోతే స్క్రిప్టు ఎక్కడ నడుస్తోందో చూడండి. షేర్‌ను నెట్‌వర్క్‌లో మౌంట్ చేసుకున్న కంప్యూటర్‌లో నడిపితే ఇతరులు చేసిన మార్పులు దానికి తెలియవు. ఫైళ్లు నిజంగా ఉన్న సర్వర్‌లోనే నడపాలి. సాంబా ద్వారా వచ్చే మార్పులు సర్వర్‌లో స్థానికంగానే జరుగుతాయి, అవి బాగానే కనిపిస్తాయి.

సీహెచ్‌మాడ్ కొట్టినా అంకె మారకపోతే డిస్కు ఫార్మాట్ చూడండి. చాలా చోట్ల పాత ఎక్స్‌టర్నల్ డిస్కునే తగిలించి షేర్‌గా వాడుతుంటారు. ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 లలో ఈ పర్మిషన్లు దాచుకునే చోటే లేదు. మౌంట్ చేసేటప్పుడు జీఐడీ, ఎఫ్‌మాస్క్, డీమాస్క్ ఇచ్చి మొత్తం డిస్కుకి ఒకే పద్ధతి పెట్టడం తప్ప దారి లేదు. జాబ్స్, బిల్స్ రెండూ అదే డిస్కులో ఉంటే వేరుచేయలేరు. డిస్కును ఎక్స్‌ట్4 కి మార్చుకోవడమే మందు.

అంతా బాగానే నడుస్తున్నా వారానికోసారి "జర్నల్‌సీటీఎల్ -యూ" తో సర్వీసు లాగ్ చదవండి. -ప్రింట్ పెట్టింది అందుకే. ఒకే రకం ఫైలు, ఒకే ఫోల్డర్, ఒకే వేళకి పదేపదే దిద్దబడుతుంటే దాని వెనుక ఒక ప్రోగ్రామో, ఒక బ్యాకప్పో, ఒక మనిషో ఉంటారు. ఎవరో తేల్చడానికి ఆడిట్‌డీ ఇన్‌స్టాల్ చేసి "ఆడిట్‌సీటీఎల్ -డబ్ల్యూ /ఎస్‌ఆర్‌వీ/ప్రెస్/జాబ్స్ -పీ ఏ -కే జాబ్స్‌పెర్మ్" అని పెట్టండి. పర్మిషన్ మార్చిన ప్రతిసారీ ఏ ప్రోగ్రామ్, ఏ యూజర్ అన్నది "ఏయూసెర్చ్ -కే జాబ్స్‌పెర్మ్"లో కనిపిస్తుంది. మన సర్వీసు చేసిన మార్పులు కూడా అందులోనే ఉంటాయి, వాటిని వదిలేసి మిగతావి చూడండి. దొరికాక ఆ ప్రోగ్రామ్ సెట్టింగ్ మార్చి, ఆడిట్ రూలు తీసేయండి, లేకపోతే సీజన్‌లో లాగ్ ఫైళ్లు పెరిగిపోతాయి.